ఇంటి వద్దనుండే డిజైను విద్య: చేరగోరువారిని ఏమేమి అడుగుతారు?

షోలాపూరులో గాని, సేలంలో గాని, బరంపురంలో గాని, మనవారు నలుగురు కలిసినచోట ఈ మధ్య ఒక ప్రశ్న తప్పక వస్తున్నది. "మా పిల్లవాడికి గీతలో చేయి బాగున్నది. జాకార్డు గ్రాఫు కంప్యూటరు మీద తానే వేస్తున్నాడు. దూరదేశం పంపి చదివించే స్తోమత మాకు లేదు. మగ్గం మానకుండా, ఇంట కూర్చుండే ఆన్‌లైనులో డిజైను చదువు చెప్పే విశ్వవిద్యాలయాలు ఉన్నవట. మనవాణ్ణి చేర్చుకుంటారా? చేర్చుకొనుటకు ఏమేమి అడుగుతారు?"

ప్రశ్న మంచిదే. ఒకప్పుడు డిజైను విద్య అనగానే మనకు అందనిదని ఊరకుండేవారం. ఇప్పుడు విచారించే దశకు వచ్చినాము. ఐతే ఈ విషయంలో రెండు తప్పుడు అభిప్రాయాలు మనవారిలో వ్యాపించి ఉన్నవి. పెద్ద చదువు లేనిదే ఎవరూ చేర్చుకోరన్నది ఒకటి. డబ్బు కట్టితే ఎవరైనా చేర్చుకుంటారు, పట్టా చేతికి వస్తుందన్నది రెండవది. మొదటి అభిప్రాయం వలన పిల్లలు వెనుకబడుతున్నారు. రెండవదాని వలన కుటుంబాలు నష్టపడుతున్నవి. ఆ నష్టం మా ఇంట జరిగినదే గనుక ముందు దానిని చెప్పుతాను.

మా ఇంటి అనుభవం

మా మేనల్లుడు పన్నెండవ తరగతి మరాఠీ మాధ్యమంలో ప్యాసయి, ఒక జాకార్డు డిజైను దుకాణంలో పనికి కుదిరినాడు. పగలు పని, రాత్రి బొమ్మలు. ఒకనాడు ఫోనులో ప్రకటన చూచి, ఇంటనుండే డిజైను డిప్లొమా ఇస్తామన్న ఒక సంస్థలో చేరినాడు. మా చెల్లెలు మెడలోని గొలుసు కుదువబెట్టి ఫీజు కట్టినది. ఏడాది పాఠాలు విన్నాడు, సర్టిఫికెటు వచ్చినది. దానిని తీసుకొని పై చదువుకు పోతే, "ఇది ఆ సంస్థ తన పేరు మీద ఇచ్చుకొన్న కాగితం, విశ్వవిద్యాలయపు పట్టా కాదు, లెక్కకు రాదు" అన్నారు.

ఆ సంస్థవారు అబద్ధం చెప్పినారా అని నేను గట్టిగా అడిగినాను. వాడు కొంతసేపు ఊరకుండి, "లేదు మామా. వాళ్ళు పట్టా అని ఎక్కడా అనలేదు. మనమే అనుకున్నాము. ఐతే ఒకటి మాత్రం నాకు అప్పుడే తట్టవలసినది. ఫీజు తప్ప వాళ్ళు నన్ను ఇంకేమీ అడుగలేదు" అన్నాడు.

ఆ మాట నా మనసులో నాటుకొన్నది. చేరేముందు ఒక విద్యాలయం మనలను ఏమేమి అడుగుతుందో, చేరినాక ఏ పని చేయించుతుందో చూస్తే అది ఎటువంటిదో చాలవరకు తెలిసిపోతుంది. ఈ వ్యాసం అందుకే.

తలుపు తెరిచియుంచిన విద్యాలయాలు

అసలు ఏ సర్టిఫికెటూ అడుగకుండా చేర్చుకొనే మంచి విద్యాలయాలు లేవా? ఉన్నవి. ఇంగ్లండులో 1969లో ఓపెన్ యూనివర్సిటీ ఏర్పడినది. 1971లో పాఠాలు మొదలుపెట్టినది. పూర్వపు చదువు ఎంత అని అడుగకుండ, ఇంటినుండే చదువుకొనగోరు పెద్దవారిని చేర్చుకొనుట దాని పద్ధతి. ఆ ఆలోచనకు తోడుపడినవారిలో ఒకరైన మైకేల్ యంగ్ అనే ఆయన, 1987లో చిత్రకళ, వస్త్రకళ మొదలైనవాటికి ఇదే పద్ధతిలో ఓపెన్ కాలేజ్ ఆఫ్ ది ఆర్ట్స్ అను విద్యాలయం స్థాపించినాడు. కుంచె పట్టడం, బట్ట మీద పని చేయడం టపాలో నేర్పగలరా అని పలువురు సందేహించే విషయం అది. విద్యార్థి ఇంట పని చేసి పంపితే, ఉపాధ్యాయుడు దానిని చూచి, బాగోగులు వివరంగా వ్రాసి తిరిగి పంపేవాడు. తర్వాత టపా స్థానంలో ఇంటర్నెట్ వచ్చినది. 2016లో ఆ విద్యాలయం యూనివర్సిటీ ఫర్ ది క్రియేటివ్ ఆర్ట్స్ లో చేరి, 2023లో ఓపెన్ యూనివర్సిటీలో కలిసినది.

మొదటి మెట్టులో చేరుటకు అక్కడ పాత సర్టిఫికెట్లు అడుగలేదు. ఐతే చేరిన తర్వాత అడిగినదంతా పనే. గీతల పుస్తకం నింపవలెను. ఏ రంగు ఎందుకు ఎన్నుకొన్నదీ, ఏది చెడినదీ, ఎట్లు దిద్దుకొన్నదీ దినచర్యగా వ్రాయవలెను.

ఆ దేశపు లెక్కలో ఆనర్సు డిగ్రీకి 360 క్రెడిట్లు. క్రెడిట్టుకు 10 గంటల చదువు అని లెక్క. అనగా మొత్తం 3,600 గంటలు. మగ్గం మీద కూర్చుండే మనిషి వారానికి 12 గంటలు మిగిల్చుకొన్నాడనుకొందాము. 300 వారాలు పట్టుతుంది. రమారమి ఆరేండ్లు! గడప తక్కువైనంత మాత్రాన నడక తక్కువ కాదని దీనివలన తెలుస్తున్నది. తలుపు తెరిచియున్న చోట చేరినవారందరూ చివరికంట నిలువరు. పండుగల ముందు పని ఒత్తిడి, పెండ్లిండ్లు, పురుళ్ళు, ఇంటిలో అనారోగ్యం, ఇవన్నీ ఆ ఆరేండ్లలో వస్తవి. కావున చేరకముందే ఇంటివారంతా కూర్చుండి, వారానికి ఆ గంటలు ఎవరి పనిలోనుండి తీయాలో తేల్చుకొనవలెను.

ఇంకొక రకం అమెరికాలో కలదు. సాన్ ఫ్రాన్సిస్కో నగరంలో 1929లో మొదలైన అకాడమీ ఆఫ్ ఆర్ట్ యూనివర్సిటీ, ఉన్నత పాఠశాల చదువు పూర్తిచేసినవారిని బొమ్మల పరీక్ష లేకుండానే మొదటి డిగ్రీకి చేర్చుకొనే పద్ధతి పెట్టుకొన్నది. పై డిగ్రీకి మాత్రం పూర్వపు పట్టా, చేసిన పనుల సంపుటి అడుగుతుంది. అనగా ఒకచోట కాగితం అడుగరు, మరొకచోట బొమ్మలు అడుగరు. రెండుచోట్లా ఫీజు మాత్రం ఆయా దేశాల నాణెంలో కట్టవలసినదే. దానిని రూపాయల్లోకి మార్చి, ఎన్ని చీరల కూలి అవుతుందో లెక్క వేసి చూచుకొనుట మంచిది.

సాధారణంగా అడిగే కాగితాలు

తక్కిన డిజైను విద్యాలయాలలో పెక్కింటి నియమాలు ఒక తీరుగానే ఉంటవి. పన్నెండవ తరగతి ప్యాసయిన సర్టిఫికెటు, మార్కుల పట్టిక, వయస్సుకు రుజువు, పనుల సంపుటి, ఎందుకు చదువగోరుతున్నారో సొంత మాటలలో ఒక పేజీ, విదేశమైతే ఇంగ్లీషు వచ్చుననుటకు రుజువు, కొన్నిచోట్ల పరిచయస్థులైన ఉపాధ్యాయుల ఉత్తరం.

వీటిలో మన కుటుంబాలకు తరచు చిక్కు తెచ్చేది పేరు. మనకు ఇంటిపేరు ముందు వ్రాసుకొనడం అలవాటు. తమిళనాడులో బడివారు ఇంటిపేరు వదలి, తండ్రి పేరులోని మొదటి అక్షరం మాత్రం వేస్తారు. మహారాష్ట్రలో తన పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు వరుసగా వస్తవి. ఒకే పిల్లవాడు బడి కాగితంలో ఒక పేరుతో, ఆధార్ కార్డులో వేరొక పేరుతో, నేతగాని గుర్తింపు కార్డులో ఇంకొక పేరుతో ఉంటాడు. పెండ్లి అయిన ఆడపిల్ల విషయం చెప్పనే అక్కరలేదు. దరఖాస్తు గడువు మూడు దినాలున్నప్పుడు ఇది దిద్దడం ఎవరి తరమూ కాదు. పిల్లలు పదవ తరగతిలో ఉన్నప్పుడే కాగితాలన్నీ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూచుకొనవలెను.

"ఎందుకు చదువగోరుతున్నారు" అన్న పేజీని మనవారు తేలికగా తీసుకుంటారు. ఎవరిచేతనో వ్రాయించి పంపుతారు. అది పొరపాటు. "కళ అంటే నాకు ప్రాణం" అని వేలమంది వ్రాస్తారు. "మా ఇంట అంచు మాత్రమే జాకార్డు మీద వస్తుంది, ఒంటిలోని బుటా చేతితో వేస్తాము. ఆ బుటా తేలికైతే మా అమ్మకు నడుము నొప్పి తగ్గుతుంది. దానికి మార్గం వెతకడానికి చదువుతాను" అని వ్రాయగలవాడు మన పిల్లవాడు ఒక్కడే.

పనుల సంపుటి మన ఇంటనే ఉన్నది

ఇంగ్లీషులో పోర్ట్‌ఫోలియో అనే ఈ సంపుటిని చూచి మన పిల్లలు భయపడుతున్నారు. పట్నపు పిల్లలు డబ్బిచ్చి శిక్షణాలయాలలో ఏడాదిపాటు దీనిని తయారుచేస్తారు. మన ఇండ్లలో అటక మీద, పెట్టె అడుగున, పాత గ్రాఫు కాగితాల చుట్టలలో అది పడియున్నది. దానిని తీసి, దుమ్ము దులిపి, వరుసగా పేర్చుటే మన పని. ఎట్లు పేర్చవలెనో కొంత చెప్పుతాను.

ఒకటి. పది మంచి పనులు చాలు. బట్ట ఫోటో పగటి వెలుతురులో, నీడపట్టున తీయవలెను. ముఖం వైపు, వెనుక వైపు రెండూ ఉండవలెను. నేత తెలిసినవాడు వెనుక వైపు చూచే పనిని అంచనా కట్టుతాడు.

రెండు. ప్రతి పని ప్రక్కన వివరం వ్రాయవలెను. పడుగు నూలు ఏది, పేక ఏది, నంబరు ఎంత, అంగుళానికి ఎన్ని పోగులు, గుంటమగ్గమా, ఫ్రేము మగ్గమా, జాకార్డుకు ఎన్ని కొక్కేలు, ఎన్ని అట్టలు, ఎన్ని దినాలు పట్టినది. ఇది మనకు నోటిలెక్క. చూచేవానికి అది విద్య.

మూడు. పూర్తయిన బట్టను మాత్రమే చూపుట చాలదు. మొదట గీచిన గీత, దానిని గ్రాఫు మీద ఎక్కించినప్పుడు వచ్చిన ఇబ్బంది, మార్చిన రంగు, చెడిపోయిన నమూనా, ఇవన్నీ వరుసగా ఉండవలెను. మనము చెడిన ముక్కను దాచుకుంటాము. డిజైను ఉపాధ్యాయునికి కావలసినది ఆ చెడిన ముక్కే. అది ఎందుకు చెడినదో పిల్లవాడు చెప్పగలిగితే సగం పరీక్ష ప్యాసయినట్టే.

నాలుగు. మగ్గం పనికి చెందనిది కూడా కొంత ఉండవలెను. ఇంటి ముందరి చెట్టు, ఆసు పోసే నాయనమ్మ చేతులు, సంతలోని జనం. చేతి గీతతో చూచి గీచినవి. కంప్యూటరు బొమ్మ ఎంత చక్కగా ఉన్నా, కన్ను ఎట్లు చూస్తున్నదో చేతి గీతలోనే తెలుస్తుంది.

ఐదు. ఇది అన్నిటికంటె ముఖ్యం. ఏది ఎవరి పనియో నిజం వ్రాయవలెను. బుటా తాతగారిదైతే తాతగారిదనే వ్రాయవలెను. గ్రాఫు మాస్టర్ వీవరుది, నేత తనది అయితే అట్లే చెప్పవలెను. డిజైను సహకార సంఘానిదైతే సంఘం అనుమతి తీసుకొని చేర్చవలెను. దీనివలన పిల్లవాని పని తక్కువ కాదు. పాతదానిలో తాను మార్చినది ఇంత అని వేలు పెట్టి చూపగలవాడే డిజైను తెలిసినవాడు.

ఈ సందర్భంలో ఒక మాట. రంగులు కలిపేది, అద్దకంలో ఛాయ కుదిర్చేది, కండెలు చుట్టుతూ ఏ పోగు ప్రక్కన ఏ పోగు నప్పుతుందో నిర్ణయించేది చాలా ఇండ్లలో ఆడవారే. వారి పనికి కూలి పుస్తకంలో పేరు లేదు. సంపుటిలోనైనా పేరు ఉండవలెను. దరఖాస్తు పెట్టవలసినది కొడుకే అని ముందుగా అనుకొనడం న్యాయం కాదు.

మన దేశంలో మెట్లు

బడి మధ్యలో మానినవారు మొదట ఎక్కవలసిన మెట్టు జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ. దీనినే ఎన్.ఐ.ఓ.ఎస్. అంటారు. 1989లో ఏర్పడినది. బడికి పోకుండానే పదవ తరగతి, పన్నెండవ తరగతి పరీక్షలు వ్రాయవచ్చును. చిత్రలేఖనం ఒక పాఠ్యాంశంగా తీసుకొనే వీలు కలదు. పదవ తరగతిని తెలుగులో వ్రాసే అవకాశం కూడా ఉన్నది గనుక, పొరుగు రాష్ట్రాలలో తెలుగు బడి దొరకని మన పిల్లలకు ఇది ఉపయోగం.

ఆ తర్వాతి మెట్టు సార్వత్రిక విశ్వవిద్యాలయాలు. మన దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ పేరుతో పుట్టినది. నేడు అది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. బడి చదువు లేనివారికి అర్హత పరీక్ష పెట్టి డిగ్రీలో చేర్చుకొన్న కీర్తి దానిది. ఇందిరా గాంధీ పేరిట జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం, అనగా ఇగ్నో, 1985లో వచ్చినది. మహారాష్ట్రకు నాసిక్‌లో 1989లో, కర్ణాటకకు మైసూరులో 1996లో, తమిళనాడుకు చెన్నైలో 2002లో, ఒడిశాకు సంబల్‌పూరులో 2015లో సార్వత్రిక విశ్వవిద్యాలయాలు ఏర్పడినవి. ఇవన్నీ డిజైను విద్యాలయాలు కావు. డిజైనుకు సంబంధించిన కోర్సు ఏ సంవత్సరం ఏది ఉన్నదో వారివద్దనే విచారించవలెను. ఐతే పై డిజైను చదువుకు పట్టా అవసరమైనప్పుడు ఇవి ఇంటికి దగ్గరి దారులు.

కేంద్ర జౌళి మంత్రిత్వశాఖ ఎన్.ఐ.ఓ.ఎస్.తోను, ఇగ్నోతోను ఒప్పందం చేసుకొని, చేనేత కుటుంబాలలోని షెడ్యూల్డు కులాలు, తెగలవారికి, దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి, స్త్రీలకు ఫీజులో 75 శాతం తిరిగి ఇచ్చే ఏర్పాటు చేసినది. ఎన్ని కుటుంబాలు దీనిని వాడుకొన్నవో మన వీధిలో అడిగి చూడండి! దరఖాస్తు చేసేముందు దగ్గరలోని వీవర్స్ సర్వీస్ సెంటరులో నేటి నిబంధన ఏమో కనుక్కొనవలెను. నేతగాని గుర్తింపు కార్డు చేతిలో ఉంచుకొనవలెను.

1986లో ఏర్పడిన నిఫ్ట్ అను జాతీయ ఫాషన్ విద్యాలయంలో చేతివృత్తులవారికి, వారి పిల్లలకు ప్రత్యేక విభాగం కింద ప్రవేశం ఏర్పాటు చేసినారు. అక్కడా గుర్తింపు కార్డే ఆధారం. ఆన్‌లైను వద్దు, మగ్గం దగ్గరే నేర్వవలెననుకొనువారికి పదవ తరగతి తర్వాత మూడేండ్ల చేనేత డిప్లొమా కలదు. 1960లో మొదలైన సేలం విద్యాలయం, ఒడిశాలో బర్‌గఢ్, కర్ణాటకలో గదగ్, ఆంధ్రదేశంలో ప్రగడ కోటయ్యగారి పేరిట వెంకటగిరి, ఇవన్నీ మనవారికి అందుబాటులోనివే.

వృత్తినే అర్హతగా ఎంచిన చోటు

ఇంకొక ఉదాహరణ చెప్పక తప్పదు. గుజరాత్‌లోని కచ్ఛ్‌లో, వృత్తిలో ఉన్న చేతిపనివారికే డిజైను నేర్పుటకు కళా రక్షా విద్యాలయం 2005లో మొదలైనది. దానిని నడిపిన జూడీ ఫ్రేటర్ అనే ఆమె తర్వాత 2014లో సోమయ్యా కళా విద్యను ఆరంభించినారు. అక్కడ చేరుటకు పట్టా అక్కరలేదు, ఇంగ్లీషు అక్కరలేదు. నేతగాడో, అద్దకం పనివాడో అయి ఉండుటే అర్హత. రెండేసి వారాల చొప్పున ఏడాదిలో ఆరు విడతలు పాఠాలు. నడుమ ఇంటికి పోయి, తన మగ్గం మీదనే అభ్యాసం. సంసారం నడుస్తూనే ఉంటుంది.

ఇది ఆన్‌లైను విశ్వవిద్యాలయం కాదు, పట్టా ఇచ్చే చోటు కాదు. ఐనను ఇక్కడ చెప్పుటకు కారణమున్నది. తరతరాల నేత పనిని చదువు లేనితనంగా గాక, ప్రవేశానికి అర్హతగా లెక్కించవచ్చునని అది చూపినది. ఆన్‌లైను విశ్వవిద్యాలయాలు కూడా మన పనిని ఆ కంటితో చూడవలెనని మన సంఘాలు అడుగవలెను. అడుగుటకు మన చేతిలో సంపుటి ఉండవలెను.

ఫీజు కట్టకముందు

చివరగా, మా మేనల్లుని అనుభవం నుండి తీసిన మూడు ప్రశ్నలు.

ఇచ్చేది విశ్వవిద్యాలయపు పట్టాయా, సంస్థ సొంత సర్టిఫికెటా? ఆన్‌లైను కోర్సులకు అనుమతి పొందిన విద్యాలయాల పేర్లు, కోర్సుల పేర్లు యు.జి.సి. దూరవిద్యా విభాగం వారు ప్రకటిస్తారు. ఆ జాబితాలో విద్యాలయం పేరు ఉంటే చాలదు, మనము చేరే కోర్సు పేరు, ఆ సంవత్సరం కూడా ఉండవలెను. విదేశపు పట్టా అయితే, దానికి మన దేశంలో సమాన గుర్తింపు దొరుకుతుందా అని చేరకముందే విచారించవలెను.

పనిని చూచి దిద్దే ఉపాధ్యాయుడు ఉన్నాడా, లేక ముందే తీసిపెట్టిన పాఠాలు చూడడమేనా? మగ్గం పాఠం వినినంత మాత్రాన నేత వచ్చునా?

మధ్యలో మానవలసి వస్తే కట్టిన డబ్బు గతి ఏమి? ఈ సమాధానం వ్రాతలో తీసుకొనవలెను.

మా మేనల్లుడు మానలేదు. గొలుసు విడిపించినాము. వాడు ఇప్పుడు ఇగ్నోలో డిగ్రీ చదువుతూ, రాత్రిపూట తన తాతగారి గ్రాఫు కాగితాలను ఒక్కొక్కటే ఫోటో తీసి, ప్రక్కన వివరం వ్రాసుకొంటున్నాడు. మొన్న ఒక కాగితం మూల పెన్సిలుతో ఉన్న లెక్క చూపి, "మామా, తాత ఇక్కడ నాలుగు పోగులు తప్పు వేసి, తర్వాత దిద్దుకొన్నాడు. చూచినావా?" అని సంతోషపడినాడు.

ఏబది ఏండ్ల కిందటి తప్పును మనుమడు పట్టుకొన్నాడు. అది తాత ఎట్లు దిద్దుకొన్నాడో కూడా నేర్చుకొన్నాడు. ఏ విశ్వవిద్యాలయమైనా చేరగోరువానిని ముఖ్యంగా అడుగవలసినది ఇదే గదా!